బంతియాట నేర్పిన బడిపంతుళ్ళు

సాయంకాలము చివరి గంట మ్రోగినంతనే బడిపిల్లలు పఱుగులిడునది యే దిక్కునకు? ఇంటి దిక్కునకు గాదు, ఆటస్థలము దిక్కునకు. ఈ సంగతి యెఱుగని ఉపాధ్యాయుడు లేడు. ఎఱిగియు దానిని తప్పుగా నెంచినవారు మాత్రము పెక్కురు గలరు. వారిలో నేనును ఒకడను. కావున ఈ పాఠమును నా తప్పుతోనే మొదలిడుచున్నాను.

చాల సంవత్సరముల క్రిందట కరీంనగరము జిల్లాలో మానేటి యొడ్డున గల యొక పల్లె బడిలో నేను తెలుగు పండితుడనుగా పని చేయుచుంటిని. ఎనిమిదవ తరగతిలో ఒక బాలుడుండెను. చదువునందు వెనుకబడినవాడు, కాలిబంతి యాటలో మాత్రము అతనికి సాటి లేరు. వేసవిలో మానేరు ఎండి యిసుక తేలినప్పుడు, ఆ యిసుకలో గుడ్డపేలికల బంతితో ఆడి నేర్చిన యాట అది. బడిలో ఒకే యొక తోలుబంతి యుండెను. త్రైమాసిక పరీక్షలు సమీపించినవి. "ఆటలు కట్టిపెట్టి చదువుకొనుడు" అని నేనా బంతిని బీరువాలో పెట్టి తాళము వేసితిని. మఱునాడు ఆ బాలుడు కిటికీ యొద్ద నిలిచి, "సారూ, పరీక్షలైనంక బంతి ఇస్తరా?" అని యడిగెను. "ముందు మార్కులు తెచ్చుకో, తరువాత చూతము" అంటిని.

పరీక్షలయినవి. బంతి సంగతి నేను మఱచితిని. దసరా సెలవులు గడచిన పిమ్మట ఆ బాలుడు బడికి రాలేదు. తండ్రి వెంట పనికై వలసపోయినాడని తోటిపిల్లలు చెప్పిరి. ఇంటి పేదరికమే అందులకు ముఖ్యకారణమై యుండవచ్చును. కాని అతనిని బడికి కట్టి యుంచిన త్రాడొక్కటి యుండెను. ఆ త్రాటిని నేనే నా చేతులతో తెంచితినని నాకు తోచినది. ఏడాది చివర బీరువా తెఱచి చూడగా, గాలి పోయి, తోలు ముడుతలు పడి, ఆ బంతి యొక మూల పడియుండెను.

చదువునకును ఆటకును వైరము గలదా? ఈ ప్రశ్న నన్ను చాలకాలము విడువలేదు. దానికి సమాధానము నాకు ఇద్దరు బడిపంతుళ్ళ జీవితములలో దొరికినది. ఒకరు మన హైదరాబాదువారు. వేఱొకరు అమెరికా దేశమువారు. ఆయన నడపిన జట్టునకును, క్యాథలిక్ మతగురువులు స్థాపించిన యొక చిన్న కళాశాలకును గల సంబంధము చెప్పుకొనదగినది. ఇరువురును తరగతి గదిలో పాఠములు చెప్పినవారే; ఇరువురును ఆటయే జీవనముగా గల క్రీడాకారులకు గురువులైనవారే. బాలబాలికలారా! ఆ కథలను వినుడు.

ముందుగా ఒక మాట. ఆటను వినోదమునకై ఆడువారు కొందఱు. ఆటతోనే బ్రతుకువారు కొందఱు. ఈ రెండవ వారిని వృత్తి క్రీడాకారులందురు. మన దేశమున చాలకాలము కాలిబంతి యాటగాండ్రకు ఆట పేరున జీతమిచ్చు పద్ధతి బహిరంగముగా లేదు. పోలీసు శాఖ, రైల్వే శాఖ, సైన్యము మున్నగునవి మంచి యాటగాండ్రకు ఉద్యోగములిచ్చి తమ జట్లలో చేర్చుకొనెడివి. కలకత్తాలోని పెద్ద క్లబ్బులు దక్షిణదేశము నుండి యాటగాండ్రను రప్పించుకొని పోషించెడివి. పేదయింటి పిల్లవానికి చక్కగా బంతి తన్నుట వచ్చెనేని, ఆ విద్యయే అతని కుటుంబమునకు కూడు పెట్టెడిది. అట్టి విద్యను నేర్పిన గురువులలో అగ్రగణ్యుడు సయ్యద్ అబ్దుల్ రహీము.

రహీము 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి పట్టభద్రుడయ్యెను. విద్యార్థి దశలోనే విశ్వవిద్యాలయపు జట్టులో ఆడి పేరు గాంచెను. చదువు ముగిసిన పిమ్మట ఆయన ఎన్నుకొన్నది ఉపాధ్యాయ వృత్తి. కాచిగూడ మాధ్యమిక పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల మున్నగు చోట్ల పని చేసెను. నడుమ వ్యాయామ విద్యలో డిప్లొమా పొందెను. నాటినుండి ఆటస్థలము కూడ ఆయనకు తరగతి గదియే అయ్యెను. అందఱును ఆయనను "రహీం సాబ్" అని గౌరవముతో పిలిచెడివారు. 1943వ సంవత్సరమున హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, మరణించువఱకు ఆ బాధ్యతను విడువలేదు.

మంచి ఉపాధ్యాయుడు తన విద్యార్థి యేది యెఱుగునో గాక, యేది యెఱుగడో ముందుగా కనిపెట్టును. రహీము చేసినదియు అదియే. బంతి తన్ను బాలురలో పెక్కురకు ఒక కాలు మాత్రమే పని చేయును. రెండవ కాలు నిలుచుటకే యుపయోగపడును. కుడికాలి వాటముగలవానిని ఎదిరి జట్టువారు కుడివైపున అడ్డగించిన చాలును, వాని యాట కట్టును. ఈ లోపమును తీర్చుటకు రహీము వింతయైన పోటీలను ఏర్పఱచెను. అందు బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలెను. అలవాటైన కాలితో తన్నుట నిషేధము. మొదట ఆటగాండ్రు తడబడెడివారు. కొన్ని వారములకు రెండు కాళ్ళును సమానముగా వశమయ్యెడివి. పలకపై అక్షరములు దిద్దించు పంతులునకు ఈ పద్ధతి క్రొత్త గాదు. రాని యక్షరమునే మఱల మఱల దిద్దించుట మన బడులలో అనాదిగా నున్నదే గదా!

ఆయన పెట్టిన మఱియొక విధమగు పోటీలలో బంతిని కాళ్ళ నడుమ నుంచుకొని ఎదిరివారిని తప్పించుచు పోరాదు. అందిన వెంటనే తోటివానికి అందింపవలెను. నేర్పుగల బాలునకు బంతిని తన యొద్దనే యుంచుకొని నలుగురిచేత మెప్పు పొందవలెనని కోరిక యుండును. కాని మనిషి యెంత వేగముగ పఱుగెత్తినను బంతి యంతకంటె వేగముగ పోవును. కావున బంతిని పఱుగెత్తింపవలెను గాని, బంతితో తాను పఱుగెత్తరాదు. ఈ యొక్క సూత్రమును హైదరాబాదు బాలురు వంటబట్టించుకొనిరి. నేలబారుగా, పొట్టిపొట్టి తన్నులతో, ఒకరి నుండి ఒకరికి బంతిని చేరవేయుచు సాగు ఆట హైదరాబాదు యాటయని దేశమంతట పేరొందెను.

రహీము శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు దేశములోని గొప్ప జట్లలో నొకటి యయ్యెను. బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పు పోటీలో 1950 నుండి 1954 వఱకు వరుసగా అయిదు సంవత్సరములు ఆ జట్టే విజేత. 1888లో సిమ్లాలో ఆరంభమైన డ్యూరాండ్ కప్పును ఆ జట్టు 1950, 1954, 1957, 1961 సంవత్సరములలో గెలుచుకొనెను. రాష్ట్రముల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956–57లోను, 1957–58లోను వెంటవెంట సాధించెను. ఈ విజయముల వెనుక రాజవైభవము లేదు, ధనరాసులు లేవు. బీదవాడల నుండియు, సికిందరాబాదు దండు ప్రాంతపు వీథుల నుండియు వచ్చిన పిల్లలును, వారిని గుర్తించి దిద్దిన గురువును మాత్రమే యుండిరి. సికిందరాబాదు సమీపమున అమ్ముగూడలో 1936లో జన్మించిన తులసీదాస్ బలరాము ఆ విధముగ వచ్చినవాడే. దేశమునకే గాక ఆసియా ఖండమునకు మేటి గోలుకీపరుగా పేరొందిన పీటర్ తంగరాజు కూడ హైదరాబాదు బిడ్డయే.

1950 నుండి రహీము భారతజట్టునకు శిక్షకుడయ్యెను. మఱుసటి సంవత్సరమే ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగినవి. అందు మన జట్టు తుది పోటీలో ఇరాను జట్టును 1–0 గోలు తేడాతో ఓడించి స్వర్ణపతకము పొందెను. కాని గురువునకు పరీక్ష ఆ తరువాత నెదురయ్యెను. 1952లో ఫిన్లాండు దేశపు హెల్సింకీ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినవి. మన యాటగాండ్రలో పలువురు అప్పటికిని వట్టికాళ్ళతోనే ఆడెడివారు. చలిదేశపు తడినేలపై వారి కాళ్ళు నిలువలేదు. యుగోస్లావియా చేతిలో మనవారు 1–10 గోలులతో ఓడిరి.

అంతటి యోటమి తరువాత చాలమంది శిక్షకులు ఆటగాండ్రను నిందింతురు. లేదా విధిని నిందింతురు. రహీము తప్పు లెక్కను మఱల వేయించు పంతులువలె కారణములను వెదకెను. భారత ఫుట్‌బాలు సమాఖ్య ఆటగాండ్రకు బూట్లను తప్పనిసరి చేసెను. రహీము ఐరోపా జట్ల యాటను శ్రద్ధగా గమనించెను. ఆ రోజులలో హంగరీ జట్టు తన ముందువరుస నడిమి యాటగానిని కొంచెము వెనుకకు జరిపి, ఎదిరి రక్షకులను తికమక పెట్టుచుండెను. తనను కాపాడవలసిన ఆటగాడు కనుచూపున లేకున్న రక్షకుడు వాని వెంట పోవలెనా, తన చోటనే నిలువవలెనా? పోయినచో వెనుక చోటు ఖాళీ యగును. నిలిచినచో వాడు స్వేచ్ఛగా ఆడును. ఈ చిక్కును రహీము మన జట్టు యాటలోనికి తెచ్చెను. 1958లో బ్రెజిల్ జట్టు నలుగురు రక్షకులు, ఇద్దరు నడిమివారు, నలుగురు ముందువారు గల వరుసతో ప్రపంచకప్పు గెలుచుటకు ముందే, రహీము అట్టి వరుసను మనవారికి అలవఱచుచుండెనని క్రీడాచరిత్రకారులు చెప్పుదురు.

ఫలితము 1956లో కనబడెను. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో మన జట్టు ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియానే 4–2 గోలులతో ఓడించెను. అందు మూడు గోలులు నెవిల్ డిసౌజా ఒక్కడే చేసెను. ఒలింపిక్ కాలిబంతి పోటీలలో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా దేశము మనదే. సెమీఫైనలులో యుగోస్లావియాతో 1–4గా ఓడినను, మొదటి గోలు చేసినది మనవారే. నాలుగేండ్లకు ముందు పది గోలులు చేసిన జట్టును మనవారు కొంతసేపైనను వెనుకబఱచిరి. చివరకు మనకు నాలుగవ స్థానము దక్కెను. మన దేశము ఒలింపిక్ కాలిబంతిలో అంతకు మించి నేటివఱకు పోలేదు.

ఇచట రహీము గుణమును తెలుపు నొక సంగతి చెప్పవలెను. 1960లో రోము నగరపు ఒలింపిక్ క్రీడలకు పోయిన భారతజట్టులో ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీము కూడ నుండెను. తండ్రియే శిక్షకుడు. అయినను ఆ క్రీడలలో మన జట్టు ఆడిన మూడు పోటీలలో హకీమునకు ఒక్కదానియందును ఆడు అవకాశము దొరకలేదు. ఆ మూడు పోటీలలో ఎవరు తగుదురని తోచెనో వారినే రహీము దింపెను. తన బిడ్డయని మార్కులు కలుపు ఉపాధ్యాయుడు తరగతిలోని తక్కిన బిడ్డలందఱకును ద్రోహము చేసినవాడగును. ఆ హకీము తరువాత అంతర్జాతీయ రెఫరీగా పేరు గాంచి, 2021లో మరణించెను.

రహీము జీవితమున చివరి పాఠము 1962లో జరిగినది. ఇండోనేషియా రాజధానియగు జకార్తాలో ఆసియా క్రీడలు. అప్పటికే రహీము ఊపిరితిత్తుల క్యాన్సరుతో బాధపడుచుండెను. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా మన జట్టును 2–0గా ఓడించెను. మన రక్షకుడు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడినవి. తంగరాజునకు జ్వరము వచ్చినది. ఇవి చాలవన్నట్లు ఊరి ప్రజలు మన దేశముపై కోపముతో నుండిరి. ఇజ్రాయేలు, తైవాను దేశములను ఆ క్రీడలకు రానీయకపోవుట న్యాయము గాదని మన దేశపు క్రీడా ప్రముఖుడు జి.డి. సోంధీ పలికినందున కలిగిన కోపమది. మన యాటగాండ్రు మైదానమున అడుగిడినప్పుడెల్ల ప్రేక్షకులు కేకలతో ఎగతాళి చేసెడివారు.

రహీము ధైర్యమును విడువలేదు. గాయపడిన జర్నైల్ సింగును రక్షణ స్థానము నుండి తప్పించి ముందువరుసలో నిలిపెను. రక్షకుని ముందునకు పంపుట వింతగా తోచవచ్చును. కాని జర్నైల్ సింగు చిన్ననాడు ముందువరుసలో ఆడినవాడని గురువునకు తెలియును. దక్షిణ వియత్నాముతో జరిగిన సెమీఫైనలులో అతడు గోలు చేసెను; మన జట్టు 3–2గా గెలిచెను. తుది పోటీకి ముందునాటి రాత్రి రహీము ఆటగాండ్రను పిలిచి, రేపు మీ నుండి నాకొక కానుక కావలెను, ఆ కానుక స్వర్ణపతకము అని కోరెనని ఆ జట్టువారు తరువాత చెప్పుకొనిరి.

సెప్టెంబరు 4వ తేదీన దాదాపు లక్షమంది ప్రేక్షకుల యెదుట తుది పోటీ జరిగెను. ఎదిరి జట్టు మొదట మనలను ఓడించిన దక్షిణ కొరియాయే. జ్వరము తగ్గిన తంగరాజు గోలు ముందు నిలిచెను. ముందువరుసలో హైదరాబాదువారగు బలరామును, యూసుఫ్ ఖానును ఉండిరి. నాయకుడు చునీ గోస్వామి. 17వ నిమిషమున పి.కె. బెనర్జీ మొదటి గోలు చేసెను. 20వ నిమిషమున తలకు కట్టుతో నున్న జర్నైల్ సింగు రెండవ గోలు చేసెను. చివరి నిమిషములలో కొరియావారు ఒక గోలు చేసినను, 2–1తో విజయము మనదే యయ్యెను. శిష్యులు గురుదక్షిణ చెల్లించిరి.

తొమ్మిది నెలలకు, 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన రహీము హైదరాబాదులో కన్నుమూసెను. అప్పటి కాయన వయస్సు 53 సంవత్సరములు. ఆసియా క్రీడలలో కాలిబంతికి స్వర్ణపతకము ఆ తరువాత నేటివఱకు మన దేశమునకు రాలేదు. ఆయన నాటిన తోట మాత్రము కొంతకాలము ఫలములిచ్చెను. 1970లో బ్యాంకాకు ఆసియా క్రీడలలో మనకు కాంస్యపతకము వచ్చినప్పుడు జట్టు నాయకుడు హైదరాబాదువాడగు సయ్యద్ నయీముద్దీను. ఆ జట్టులోని మహమ్మద్ హబీబు కూడ హైదరాబాదువాడే. ఉద్యోగములను కాదని, ఆటనే తన వృత్తిగా స్వీకరించి కలకత్తా క్లబ్బులలో జీవితమంతయు ఆడిన హబీబును మన దేశపు మొదటి నిజమైన వృత్తి యాటగాడందురు. 1977లో లోకప్రసిద్ధుడగు పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టు కలకత్తాకు వచ్చినప్పుడు, మోహన్ బగాన్ పక్షమున గోలు చేసినవారిలో హబీబు ఒకడు. ఆ యాట 2–2గా సమముగా ముగిసెను.

ఇక రెండవ కథ. అమెరికాలో ఫుట్‌బాలు అని పిలువబడు ఆట మన కాలిబంతి గాదు. అందు బంతి రెండు కొనలును మొనతేలి గ్రుడ్డు ఆకారమున నుండును. దానిని చేతులతో పట్టుకొని పఱుగెత్తుదురు, విసరుదురు. ఆటగాండ్రు తలకు శిరస్త్రాణమును, భుజములకు కవచము వంటి దానిని ధరింతురు. ఆట వేఱయినను కథలోని నీతి వేఱు గాదు.

విస్కాన్సిన్ రాష్ట్రమున గ్రీన్ బే అను నగరము గలదు. అది కరీంనగరముకంటె పెద్దది గాదు. 1919లో అచట 'ప్యాకర్స్' అను జట్టు ఏర్పడెను. మాంసమును డబ్బాలలో నింపు నొక కంపెనీ దుస్తులకు సొమ్మిచ్చుటచే జట్టునకు ఆ పేరు వచ్చెను. ఆ దేశపు వృత్తి జట్లు సామాన్యముగా కోటీశ్వరుల సొత్తు. ప్యాకర్స్ జట్టు మాత్రము 1923 నుండి ప్రజల వాటాలతో నడుచుచున్నది. వాటాదారులు 5 లక్షలకు పైబడి యున్నారు. వారికి లాభము పంచరు. తమ యూరి జట్టు తమ యూరిలోనే యుండవలెనన్నదే వారి లాభము.

గ్రీన్ బే నగరమునకు కొద్ది దూరమున, ఫాక్స్ నది యొడ్డున, డి పీర్ అను పట్టణము గలదు. హాలండు నుండి వచ్చిన బెర్నార్డ్ పెన్నింగ్స్ అను క్యాథలిక్ మతగురువు 1898లో అచట ఒకే యొక విద్యార్థికి లాటిను భాష నేర్పుచు విద్యాలయమును ప్రారంభించెను. అదియే సెయింట్ నార్బర్ట్ కళాశాల. నేటికిని అది చిన్న కళాశాలయే. విద్యార్థులు దాదాపు 2,000 మంది. 1958వ సంవత్సరపు వేసవిలో ప్యాకర్స్ జట్టు శిక్షణ శిబిరమునకై ఆ కళాశాలలో బస చేసెను. ఆ యేర్పాటు ఆరు దశాబ్దములకు మించి సాగెను. విద్యార్థులు సెలవులలో ఇండ్లకు పోయినప్పుడు, దేశమంతయు పేరెఱిగిన యాటగాండ్రు ఆ వసతిగృహపు గదులలో విద్యార్థుల మంచములపై నిద్రించెడివారు. కళాశాల భోజనశాలలో భుజించెడివారు. పగలు గ్రీన్ బేకు పోయి సాధన చేసెడివారు. అచట ఇంకొక ముచ్చటయగు ఆచారము గలదు. సాధనస్థలమునకు పోవుటకు ఆ బలశాలులు ఊరి పిల్లల చిన్న సైకిళ్ళ నెక్కుదురు. సైకిలుగల పిల్లలు వారి శిరస్త్రాణములను మోయుచు ప్రక్కన పఱుగెత్తుదురు.

1958లో ఆ జట్టు స్థితి దీనముగా నుండెను. పండ్రెండు పోటీలలో గెలిచినది ఒక్కటి. మఱుసటి యేడు విన్స్ లొంబార్డీ అను నాతడు శిక్షకుడుగా వచ్చెను. ఆయన కూడ బడిపంతులే. న్యూజెర్సీ రాష్ట్రములోని సెయింట్ సిసీలియా అను క్యాథలిక్ ఉన్నత పాఠశాలలో ఎనిమిదేండ్లు లాటినును, భౌతిక రసాయన శాస్త్రములను బోధించుచు, సాయంకాలములందు ఆట నేర్పినవాడు. ఆయన వచ్చిన రెండవ యేడు, 1960లో, జట్టు తుది పోటీవఱకు పోయి కొద్ది తేడాతో ఓడెను. 1961 వేసవిలో శిబిరము మొదలగునప్పుడు అనుభవము పండిన యాటగాండ్రు క్రొత్త యుక్తులను చెప్పునని ఎదురు చూచుచుండిరి. లొంబార్డీ చేత బంతిని పట్టుకొని, ఇది ఫుట్‌బాలు అని మొదలిడెనట. అనగా ఓనమాలనుండి మఱల పాఠము! బంతిని పట్టుట, అడుగు వేయుట, ఎదిరివానిని అడ్డుట, అన్నియు మొదటినుండి నేర్పెను. ఆ యేడు జట్టు దేశవిజేత యయ్యెను. 1961, 1962, 1965, 1966, 1967 సంవత్సరములలో, ఏడేండ్లలో అయిదు మార్లు, ఆ చిన్న యూరి జట్టే విజేత. లొంబార్డీ 1970లో క్యాన్సరుతోనే మరణించెను.

రహీమును లొంబార్డీని ఎఱుగడు. లొంబార్డీ రహీమును ఎఱుగడు. వారి యాటలు వేఱు, భాషలు వేఱు, మతములు వేఱు. కాని ఒకరు బలహీనమైన కాలికి పాఠము చెప్పిరి; వేఱొకరు మేటి యాటగాండ్రకు ఓనమాలు చెప్పిరి. ఇవి రెండును బడి నేర్పిన పద్ధతులే. లోకము చప్పట్లు కొట్టు గొప్ప యాటకు మూలము బడిలో నున్నదని దీనివలన తెలియుచున్నది. ధనముతో జట్టును కొనవచ్చును. ఆటగాని చిన్నతనమును కొనలేము. అది ఒక వీథిలోనో, ఒక నది యిసుకలోనో, ఒక బడి ముంగిటనో గడచియుండవలెను. దానిని చూచి గుర్తించిన గురువొకడు ఉండవలెను.

ఈ మాట బాలురకే గాదు. మన పొరుగునున్న నిజామాబాదు జిల్లాకు చెందిన గుగులోత్ సౌమ్య భారత మహిళా జట్టులో ఆడి, 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బునకు కూడ ఆడుటకు పోయినది. మన యుత్తర తెలంగాణమునుండి బంతి యెంత దూరము పోగలదో ఆమె చూపినది.

అందఱును బలరాములు గాలేరు, సౌమ్యలు గాలేరు. ఆటనే నమ్ముకొని చదువు మానుమని నేను చెప్పుట లేదు. రహీము పట్టభద్రుడు, పుస్తకమును విడిచినవాడు గాడు. నేను చెప్పునది యింతే: ఆటస్థలము లేని బడి సగము బడి. అచట నేర్చునది పుస్తకమున దొరకదు. ఓడిన పిమ్మట కారణమును వెదకుట, బంతిని తోటివానికి అందించుట, తన బలహీనతకు సిగ్గుపడక దానిని సాధనతో గెలుచుట, ఇవి ఆటగానికెంత యవసరమో గుమాస్తాకును, రైతునకును, గని కార్మికునకును అంతే యవసరము.

నేను ప్రధానోపాధ్యాయుడనైన నాడు చేసిన మొదటి పని చిన్నది. ఆటవస్తువుల బీరువా తాళపుచెవిని ఎనిమిదవ తరగతి విద్యార్థులకే అప్పగించితిని. పదవీ విరమణ చేయువఱకు దానిని మఱల అడుగలేదు. బంతి ఒక్కమాఱును పోలేదు. మానేటి యొడ్డున కిటికీ యొద్ద నిలిచి యడిగిన ఆ బాలునకు నేనీయవలసిన సమాధానము అదియే. కాని అది అతనికి అందలేదు. మీ బడిలో బంతి యెచట నున్నదో చూడుడు. తాళము వేసి యున్నచో, మర్యాదగా మీ గురువుగారిని అడుగుడు.

ప్రశ్నలు

1. రచయిత తాను చేసిన తప్పు యేదని చెప్పెను? దానిని తరువాత ఎట్లు దిద్దుకొనెను?
2. బలహీనమైన కాలితో ఆడు పోటీలను రహీము ఏల ఏర్పఱచెను?
3. 1952లో కలిగిన యోటమి నుండి 1956లో కలిగిన విజయము వఱకు మన జట్టులో వచ్చిన మార్పులను వివరింపుము.
4. జకార్తా తుది పోటీని నీ సొంత మాటలలో వ్రాయుము.
5. రహీమునకును లొంబార్డీకిని గల పోలికలు ఎవ్వి?
6. "ఆటస్థలము లేని బడి సగము బడి" – ఈ మాటను నీవు అంగీకరింతువా? కారణములు తెలుపుము.